ప్రెషర్ పునరుద్ధరణ మహోత్సవం

"ఈ రోజు నుంచి మన దేశంలో రైతు నడుం వంచాల్సిన పని లేదు. నాగలి తనంతట తానే వంగుతుంది, తనంతట తానే లేస్తుంది!" అని గౌరవనీయ యంత్రాభ్యుదయ శాఖ మంత్రి హబీంజా గారు ప్రకటించినప్పుడు నేను మొదటి వరసలోనే కూర్చున్నాను. చప్పట్లు మొదలుపెట్టింది కూడా నేనే. కావాలంటే మర్నాటి పేపర్లో ఫోటో చూడండి, మంత్రిగారి మోచేతి కింద కనపడే బట్టతల నాదే.

మాది దక్షిణ జాంబియాలో ముకాబంజి జిల్లా. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను కాబట్టి ఊళ్ళో అందరూ మాస్టారూ అంటారు. ఇప్పుడు రైతుల సహకార సంఘానికి కార్యదర్శిని. ప్రభుత్వం చేసే మంచి పనుల గురించి పేపరుకు ఉత్తరాలు రాయడం నాకున్న ఒకే ఒక వ్యసనం. చెడ్డ పనుల గురించి రాయను. పేపర్లో మంచివాటికే చోటు చాలడం లేదు.

అది ఆగస్టు నెల. గాలికి దుమ్ము లేచి శామియానా ఎగిరిపోతున్నా మంత్రిగారు చలించలేదు. కొత్త ట్రాక్టర్ ఎక్కి, హైడ్రాలిక్ లివర్ మూడుసార్లు పైకీ కిందికీ లాగారు. వెనక ఉన్న డిస్కు నాగలి మూడుసార్లూ లేచింది, మూడుసార్లూ దిగింది. ఆడవాళ్ళు సంతోషంతో నాలుకలు ఆడిస్తూ కూతలు పెట్టారు.

"చూశారా క్రమశిక్షణ! మా పార్టీలో కూడా ఇంత లేదు" అన్నారు మంత్రిగారు. పక్కనే ఉన్న పార్టీవాళ్ళు అందరికన్నా గట్టిగా నవ్వారు.

ట్రాక్టర్ నడపడానికి సంఘం ఎన్నుకున్నది బినా లుయాండోని. మా దగ్గర తల్లిని బిడ్డ పేరుతోనే పిలుస్తాం. ఆమె లుయాండో తల్లి కాబట్టి బినా లుయాండో. ఇరవై రెండేళ్ళు ఊరి పిండిమర నడిపిన మనిషి. ఇంజను శబ్దం వింటే చాలు, ఏ బోల్టు వదులయిందో ఇంట్లో కూర్చుని చెప్పేస్తుంది.

"ఆడమనిషి నడుపుతుందా?" అన్నారు మంత్రిగారు.

"మహిళా సాధికారత సార్" అన్నారు జిల్లా వ్యవసాయాధికారి చిబేసా గారు.

"అయితే ఇంకో ఫోటో తియ్యండి."

ఆ ట్రాక్టర్ మాకెంత అవసరమో చెప్పాలి. అంతకుముందు ఏడాది గోమార్ల జ్వరం వచ్చి మా పశువులను ఊడ్చుకుపోయింది. అరవై ఇళ్ళకీ కలిపి పదకొండు ఎడ్లు మిగిలాయి. అవి కూడా లేవమంటే మన ముఖం వంక చూసేవే. మా నేలలో డిసెంబరు సగం దాటాక వేసిన మొక్కజొన్న కంకి పోసుకోదు. కంకి లేకపోతే పిండి లేదు, పిండి లేకపోతే పొయ్యి మీద న్షిమా ముద్ద లేదు. అందుకే నవంబరు మొదటి వానకి ఊరు ఊరంతా ట్రాక్టర్ వెనక నడిచింది.

మొదటి గంట బంగారంలా నడిచింది. రెండో గంటలో నాగలి, సభలో కునుకు తీసే పెద్దమనిషి తలలాగా, మెల్లగా వాలడం మొదలుపెట్టింది. చాలు చివర ట్రాక్టర్ తిప్పాలంటే నాగలి లేవాలి. బినా లుయాండో లివర్‌ని పైకంటా లాగినా అది లేవలేదు. ట్రాక్టర్ తిరగకుండా తిన్నగా వెళ్ళి మా ఆవిడ చిలగడదుంప మడిని ఈ చివరినుంచి ఆ చివరిదాకా దున్నేసింది. ట్రాక్టర్ వల్ల మా కుటుంబానికి కలిగిన మొదటి లబ్ధి అదే.

ఇంజను ఆపి పది నిమిషాలు ఊరుకుంటే మళ్ళీ లేచేది. కాసేపు దున్నగానే మళ్ళీ చతికిలబడేది.

నేను చిబేసా గారికి ఫోన్ చేశాను.

"సార్, ట్రాక్టర్‌లో ప్రెషర్ లేదు."

"ప్రెషర్ లేదా? ఎవరన్నారు లేదని? పొద్దున్నుంచీ పైనుంచి నాకు ఒకటే ప్రెషర్!"

"అది కాదు సార్, హైడ్రాలిక్ ప్రెషర్."

"అది ఎవరి కిందికి వస్తుంది?"

"నాగలే కిందికి వస్తోంది సార్. పైకి పోవడం లేదు."

చిబేసా గారు పని మీద శ్రద్ధ ఉన్న మనిషి. వెంటనే ఫైలు తెరిచారు. నాలుగో రోజుకి డీలర్ కంపెనీనుంచి ఫిడెలిస్ అనే సర్వీసు ఇంజనీరు దిగాడు. ఇస్త్రీ చేసిన తెల్ల ఓవరాల్, చంకలో లాప్‌టాప్. ఆ ఓవరాల్ మీద ఒక్క నూనె మరక లేదు. అంత శుభ్రమైన మెకానిక్కుని నేను జన్మలో చూడలేదు.

పొద్దున్నే చెట్టు నీడలో చల్లగా ఉన్న ట్రాక్టర్‌కి లాప్‌టాప్ తగిలించి చూశాడు.

"కంప్యూటర్ అంతా బాగానే ఉందంటోంది."

"అయితే కంప్యూటర్‌కి నాగలి కట్టి చూడు నాయనా" అంది బినా లుయాండో.

అతను లివర్ లాగాడు. నాగలి లేచింది. "లేస్తోందిగా అమ్మా!"

"ఓ గంట దున్నాక చూడు."

"మా చెక్‌లిస్టులో దున్నడం లేదమ్మా" అన్నాడు ఫిడెలిస్ మర్యాదగా. 'పరీక్షలో నెగ్గింది' అని కాగితం రాసిచ్చి, పొలంలోకి అడుగు పెట్టకుండానే వెళ్ళిపోయాడు.

రెండోసారి వచ్చినప్పుడు బినా లుయాండో అతన్ని వదల్లేదు. గంటసేపు దున్ని, నాగలి చతికిలబడ్డాక, ప్రెషర్ చూసే గేజి పెట్టించింది. ముల్లు సున్నా దగ్గర నిద్రపోతోంది. ఫిడెలిస్ గోటితో గేజిని తట్టాడు.

"గేజి పాడైంది."

ఇంకో గేజి పెట్టాడు. అదీ సున్నాయే.

"ఇదీ పాడైంది. రెండూ ఒకే పెట్టెలోంచి వచ్చాయి మరి" అన్నాడు.

మూడోసారి లారీ పంపి ట్రాక్టర్‌ని టౌన్‌లోని వాళ్ళ వర్క్‌షాపుకి తీసుకుపోయారు. పది రోజులు దున్నుకునే వానలు కురిశాయి. మేం రోజూ రోడ్డు మీదికి వచ్చి లారీ కోసం చూసేవాళ్ళం. పదకొండో రోజున ట్రాక్టర్ తిరిగివచ్చింది. పెళ్ళికొడుకులా ఉంది. టైర్లకి నల్లరంగు పూశారు, బానెట్ మీద 'సర్వీస్ సంపూర్ణం' అని స్టిక్కర్ అంటించారు, బినా లుయాండోకి ఒక టోపీ కూడా ఇచ్చారు. ఆమె టోపీ పెట్టుకుని ట్రాక్టర్ ఎక్కింది. గంటలోపలే నాగలి చతికిలబడింది. టోపీ మాత్రం బాగా పనిచేసింది, ఎండ తగల్లేదు.

ఈసారి ఫిడెలిస్ ఫోన్లోనే రోగం తేల్చేశాడు. "పంపు పోయిందమ్మా. విదేశాలనుంచి రావాలి. ఓడలో మూడు నెలలు."

"మూడు నెలలకి మేం కంకులు కాల్చుకు తినాలి బాబూ, విత్తనాలు వెయ్యడం కాదు."

"అప్పటిదాకా నాగలి లేకుండా వాడుకోండి."

"నాగలి లేని ట్రాక్టర్‌తో ఏం చెయ్యమంటావు?"

ఫిడెలిస్ ఆలోచించాడు. "ప్రయాణాలు చెయ్యొచ్చు" అన్నాడు.

ఆ సాయంత్రమే నేను పేపరుకి ఉత్తరం రాశాను. 'మంత్రిగారి కృషి వల్ల ముకాబంజిలో అందరికీ ప్రెషర్ అందింది. డీలర్‌కి అందింది, అధికారికి అందింది, రైతుకి మరీ ఎక్కువగా అందింది. ఇక ఆ ఒక్క నాగలికి కూడా అందితే పథకం పరిపూర్ణమవుతుంది' అని. నూటికి నూరుపాళ్ళూ పొగడ్తే. ఎడిటర్‌గారు దాన్ని ఎందుకో పెద్ద అక్షరాలతో వేశారు.

మర్నాడు సంఘం సమావేశం జరిగింది. వారంటీ కాగితం నేను చదివి వినిపించాను. "డీలర్ మనిషి తప్ప ఇంకెవరు బోల్టు విప్పినా వారంటీ రద్దవుతుంది."

"వారంటీ ఎన్నాళ్ళుంటుంది మాస్టారూ?" అడిగింది బినా లుయాండో.

"ఏడాది."

"వాన ఎన్నాళ్ళుంటుంది?"

ఆమె లేచి నిలబడింది.

"ఆ వారంటీని ఉడకేసి పిల్లలకి పెడతామా? పదిరోజులు దాన్ని విప్పి మళ్ళీ బిగించారు. ఏం చేశారో గానీ దాని ఏడుపు మారలేదు. పంపు దాహంతో ఏడుస్తోంది, నాకు వినపడుతోంది. ఆగితే లేస్తోంది, పని మొదలెడితే పడుతోంది. అంటే నూనెలో ఏదో తేలుతోంది. పంపు పీల్చగా పీల్చగా అది వచ్చి గొట్టానికి అడ్డం పడుతోంది. ఆపగానే వదిలేస్తోంది. నన్ను ఒక్కసారి విప్పనివ్వండి. తప్పయితే సంఘంలోంచి నన్ను తీసెయ్యండి."

చేతులన్నీ లేచాయి. సమావేశం పుస్తకంలో నేను 'సభ్యులు ట్రాక్టర్‌ను ఆప్యాయంగా పరామర్శించాలని తీర్మానించారు' అని రాశాను.

ఆమె నూనెంతా శుభ్రమైన డ్రమ్ములోకి దించింది. పానా పట్టుకుని ట్రాక్టర్ కిందికి దూరి, పంపుకి నూనె పోయే గొట్టం ఊడదీసింది. లోపలికి వేలు పెట్టి, నాటు వైద్యురాలు పసిపిల్లవాడి గొంతులో గింజ తీసినట్టు, మెల్లగా ఏదో లాగింది. అరచెయ్యంత గుడ్డ ముక్క. నూనెకి నానిపోయినా దాని మీద అచ్చు చెదరలేదు. ఫ్యాక్టరీవాళ్ళు తగిలించే చీటీ అది. నేను కళ్ళజోడు పెట్టుకుని గట్టిగా చదివాను.

"నాణ్యత తనిఖీ పూర్తయింది."

బినా లుయాండో నేల మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నూనె చేతులతో తుడుచుకోవడం వల్ల ముఖమంతా నల్లగా అయింది.

నూనె వడగట్టి మళ్ళీ పోశారు. ఆ రోజు మిట్టమధ్యాహ్నం, ఇంజను సెగలు కక్కుతుండగా, చాలు చివర ఆమె రెండువేళ్ళతో లివర్ తాకింది. నాగలి బాతులా తోక ఎత్తింది.

తర్వాతి పదిరోజులూ ఆమె తెల్లవారగానే ట్రాక్టర్ ఎక్కి పొద్దువాలాక దిగేది. అన్నం కూడా సీటు మీదే. దుమ్ముకి కళ్ళు ఎర్రబడ్డాయి, చేతులు తిమ్మిరెక్కాయి. పేర్ల పట్టీ తయారుచేసింది నేను. కార్యదర్శి అన్నవాడు త్యాగం చెయ్యాలి కదా అని నా పేరు అందరికన్నా చివర పెట్టుకున్నాను. ఆ సంగతి పేపరుకి రాయడానికి కూడా బాగుంటుందనుకున్నాను. నలభై హెక్టార్లు దున్నడం పూర్తయింది, విత్తనాలు పడ్డాయి. ఇక మూడు ఇళ్ళు మిగిలాయి, మూడోది మాది.

పదకొండో రోజు పొద్దున్న చిబేసా గారి జీపు గట్టు మీద ఆగింది. ఆయన చెప్పులు బురదలో వదిలేసి పరుగెత్తుకొచ్చారు.

"ఆపండి! ఆపండి! ఆ నాగలి ఎందుకు లేస్తోంది?"

"బాగుచేసుకున్నాం సార్" అంది బినా లుయాండో సంతోషంగా. ఆయన కూడా సంతోషిస్తారనుకుంది పాపం.

ఆయన చాలు గట్టు మీద కూర్చుండిపోయారు. "ఎంతపని చేశారమ్మా! ఫైల్లో అది పడిపోయి ఉంది. ఈ మాస్టారి ఉత్తరం మంత్రిగారి బల్లమీదికి వెళ్ళింది. ఓడలో రావాల్సిన పంపుని విమానంలో తెప్పించారు. సోమవారం ప్రెషర్ పునరుద్ధరణ మహోత్సవం. మంత్రిగారు స్వయంగా వచ్చి నాగలిని లేపుతారు. లేచిన నాగల్ని ఆయన ఎలా లేపుతారు?"

"దానిదేముంది సార్, ఆ రోజుకి లివర్ దించిపెడతాను. కిందే ఉంటుంది."

చిబేసా గారి ముఖం గంభీరమైపోయింది. "అది మోసం కాదూ? మంత్రిగారికి అబద్ధమంటే గిట్టదు. నిజంగానే పాడై ఉండాలి."

"మూడు ఇళ్ళు మిగిలాయి సార్. రెండు రోజులు ఇవ్వండి. మాస్టారిది కూడా ఇంకా..."

"ఈ రెండు రోజుల్లో ఎవరైనా ఫోటో తీస్తే? వారంటీ బోల్టు మీరు విప్పారని నేను రాస్తే ట్రాక్టరే వెనక్కి పోతుంది. మీ మీద అభిమానం కొద్దీ రాయడం లేదు."

ఆమె నా వంక చూసింది. నేను నా పొలం వంక చూశాను. అరవై ఇళ్ళ ట్రాక్టర్‌కీ మూడిళ్ళ దుక్కికీ లెక్క వేశాను. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన వాణ్ణి, జవాబు తెలియకపోలేదు. "ఆపెయ్యమ్మా" అన్నాను.

సాయంత్రానికి ఫిడెలిస్ వచ్చి చక్కగా పనిచేస్తున్న పంపుని ఊడదీసి పట్టుకుపోయాడు. చిబేసా గారు లివర్ లాగి చూశారు. నాగలి కదల్లేదు. "హమ్మయ్య, ఇప్పుడు నిజంగా పాడైంది" అని ఊపిరి పీల్చుకున్నారు.

సోమవారం మహోత్సవం అద్భుతంగా జరిగింది. పోలీసు బ్యాండు వచ్చింది. కొత్త పంపుని వెల్వెట్ గుడ్డ పరిచిన పళ్ళెంలో పెట్టి ఇద్దరు మోసుకొచ్చారు. దాని మూతికి ఎర్రటి ప్లాస్టిక్ బిరడా ఉంది. ఫిడెలిస్ దాన్ని బిగిస్తున్నంతసేపూ మంత్రిగారు ప్రసంగించారు. బిగించడం అయిపోయాక కూడా ప్రసంగించారు.

"మాస్టారూ, ఆ ఎర్ర బిరడా తీశాడా?" నా చెవిలో అడిగింది బినా లుయాండో.

"తీసే ఉంటాడు."

"నేల మీద లేదు, పళ్ళెంలో లేదు, జేబులో పెట్టుకోలేదు. నేను చూస్తూనే ఉన్నాను."

ఆమె ముందుకి కదిలింది. చిబేసా గారు అడ్డం వచ్చారు. "అమ్మా, ప్రశ్నలు చివర్లో."

మంత్రిగారు ట్రాక్టర్ ఎక్కి, కెమెరాలవైపు తిరిగి లివర్ లాగారు. నాగలి లేవలేదు. ఇంకోసారి లాగారు. బ్యాండువాళ్ళు లేచిందనుకుని వాయించేశారు. అది నేలకి అతుక్కుపోయి ఉంది. మంత్రిగారి ముఖం కొంచెం ఎర్రబడింది.

"చిబేసా, ఇది లేవదేం?"

చిబేసా గారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మీరు ఉన్నారు కదా సార్. మీ ముందు తల ఎత్తుతుందా? వినయం."

మంత్రిగారు కాసేపు నాగలిని తేరిపార చూశారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. మళ్ళీ మైకు అందుకుని, యంత్రాలకున్న వినయం మనుషులకి ఎప్పుడు వస్తుందని పావుగంట మాట్లాడారు. నేను చప్పట్లు మొదలుపెట్టాను.

తర్వాత బినా లుయాండోని పిలిచి భుజం తట్టారు. "ఎన్ని హెక్టార్లు దున్నావమ్మా?"

"నలభై సార్."

"భేష్! చూశారా రిపేరు మహిమ!"

"రిపేరుకి ముందు సార్."

"ఏమంటోంది?" అన్నారు మంత్రిగారు, పక్కకి తిరిగి.

"ముందు ముందు ఇంకా దున్నుతానంటోంది సార్" అన్నారు చిబేసా గారు.

మంత్రిగారి ఆనందానికి అంతులేదు. ఈ విజయాన్ని 'ముకాబంజి నమూనా' అని పిలుస్తామనీ, జిల్లాజిల్లాకీ పంచిన ట్రాక్టర్లన్నిటికీ వరసగా ఇదే రిపేరు చేయిస్తామనీ అక్కడికక్కడే ప్రకటించారు. నమూనా ట్రాక్టర్ ప్రజలు చూసేందుకు రాజధానిలో ఉండాలన్నారు. లారీ సిద్ధంగానే ఉంది. పదహారుమంది యువజన నాయకులు ట్రాక్టర్‌ని నినాదాలతో లారీ మీదికి ఎక్కించారు. మేం రోడ్డు మలుపుదాకా వెళ్ళి సాగనంపాం. బినా లుయాండో రాలేదు. ఖాళీ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది.

మర్నాడు మంగళవారం. వానలు ఇంకా ఉన్నాయి. నేనూ మా ఆవిడా పారలు పట్టుకుని పొలంలోకి దిగాం. నా వయసుకి ఒక్క చాలు తవ్వేసరికే నడుం కలుక్కుమంది. తలెత్తి చూస్తే బినా లుయాండో తన పార భుజాన వేసుకుని వస్తోంది.

"నువ్వెందుకమ్మా?" అన్నాను.

"నా వల్లే కదా మీది మిగిలిపోయింది" అంది. "రోజూ ఇంకాస్త చీకటుండగానే మొదలెట్టి ఉంటే అయిపోయేది."

"ఈయన పేరు చివర పెట్టింది నువ్వా ఏమిటి?" అంది మా ఆవిడ ఆమెతో, నా వంక చూస్తూ.

ముగ్గురం తవ్వుతుండగా గట్టు మీద సైకిలు పడేసి ఒకతను పరుగున వచ్చాడు. పొరుగు జిల్లా సహకార సంఘంలో ట్రాక్టర్ నడిపే మాకోండో. చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది.

"అక్కా, మా ట్రాక్టర్‌ని శుక్రవారం రిపేరు చేస్తారట! మంత్రిగారు వస్తున్నారు!"

బినా లుయాండో పార ఆపింది. "మీదానికేం జబ్బు? నూనె కారుతోందా?"

"ఏమీ లేదక్కా. మొదటి రోజునుంచీ శుభ్రంగా లేస్తోంది."

"చెప్పకపోయావా?"

"చెప్పాను. లిస్టులో ఉందంటున్నారు. ఫిడెలిస్ గురువారం సాయంత్రం వచ్చి పంపు ఊడదీస్తాడట."

బినా లుయాండో అరచేతుల మట్టి దులుపుకుంది.

"ఇంకా ఎంత దున్నాలి?"

"పద్దెనిమిది హెక్టార్లు."

ఆమె తన పార తెచ్చి మా ఆవిడ చేతికిచ్చింది. లుంగీలా నడుముకి చుట్టుకున్న చితెంగే గుడ్డ గట్టిగా బిగించి, గట్టు ఎక్కి సైకిలు లేపి నిలబెట్టింది.

"నువ్వు తొక్కు, నేను వెనక కూర్చుంటాను" అంది మాకోండోతో. "నువ్వు అలిసిపోతే నేను నడుపుతాను, నేను అలిసిపోతే నువ్వు. గురువారం మధ్యాహ్నానికల్లా అయిపోవాలి. పద, పద, వాళ్ళు బాగుచేసేలోగా!"